ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు: టైర్ల గోడని గుద్దిన ఎస్టీమ్ కథ, బిల్లుతో సహా

ముందే చెబుతున్నా, ఈ షెడ్డుకి పేరు లేదు. ఒకప్పుడు బోర్డు ఉండేదట, గాలివానకి ఎగిరిపోతే మళ్లీ రాయించలేదు. "తెలిసి వచ్చినవాళ్ల బళ్లే తెమలట్లేదు బాబూ, ఇంక బోర్డు చూసి వచ్చేవాళ్లని ఎక్కడ పెట్టమంటారు?" అన్నారు మేస్త్రీ గారు. పేరూ, ఫోన్ నంబరూ రాయకూడదన్న షరతు మీదే ఈ రివ్యూ రాస్తున్నాను. గుర్తులు మాత్రం చెప్పుకోవచ్చన్నారు. విజయవాడలో బందరు రోడ్డు మీంచి ఆటోనగర్‌లోకి వచ్చి, లారీలకి బాడీలు కట్టే షెడ్ల వరస దాటాక ఒక వేపచెట్టు, దాని పక్కన నిలువుగా పాతిన రైలుపట్టా ముక్క కనిపిస్తాయి. ఆ పట్టాకి గొలుసులూ చైన్ పుల్లీ వేలాడుతుంటే చోటు అదే. ఎదురుగా టీ బండి. అప్పటికీ దొరక్కపోతే టీ బండాయన్ని "గుండుదారం మేస్త్రీ ఎక్కడండీ" అని అడగండి. ఆ పేరు ఎందుకొచ్చిందో తర్వాత చెబుతాను.

నాకు వన్‌టౌన్‌లో స్టేషనరీ హోల్‌సేల్ కొట్టు ఉంది. వయసు 46. నోటు పుస్తకాలు అమ్ముకునేవాడికి రేసు కారు ఎందుకని మా ఆవిడ ఐదేళ్లుగా అడుగుతూనే ఉంది. నా దగ్గర జవాబు లేదు. తప్పంతా మా బావది.

బావ హ్యూస్టన్‌లో ఉంటాడు. 2018లో అక్కావాళ్లింటికి వెళ్తే ఒక శనివారం తెల్లవారుజామున లేపి యాంగిల్‌టన్ అనే ఊరి దగ్గర ట్రాక్‌కి తీసుకెళ్లాడు. అక్కడ జరిగేది '24 అవర్స్ ఆఫ్ లెమన్స్'. ఫ్రాన్సులో జరిగే లె మాన్స్ 24 గంటల రేసుని వెక్కిరిస్తూ పెట్టుకున్న పేరు. అమెరికా వాళ్ల మాటల్లో లెమన్ అంటే కొన్నాక మనల్ని ఏడిపించే డొక్కు బండి. 2006లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టారు. రూలు ఏమిటంటే కారు ఖరీదు 500 డాలర్లు దాటకూడదు. డ్రైవర్ చుట్టూ ఇనుప పైపులతో కట్టే బోను, సీటు, బెల్టులు, బ్రేకులు, టైర్లు మాత్రం ఆ లెక్కలోకి రావు. ప్రాణానికి సంబంధించిన వాటి మీద ఎంతైనా పెట్టుకోమంటారు, ఇంజిన్ మీద పెడితే మాత్రం జడ్జీలు ఊరుకోరు. జడ్జీలకి లంచం ఇవ్వడం ఆటలో భాగమే, దాపరికం లేదు. మా అక్క చేసిన బొబ్బట్లు ఆ రోజు ముగ్గురు జడ్జీలు తిన్నారు. గోంగూర పచ్చడి సీసా ఒకాయన మూత తీసి వాసన చూసి, గట్టిగా మూసి జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ల బండి ఓ పాత కరోలా. మన ఆటోలాగా పసుపూ నలుపూ రంగులు వేశారు. నలుగురు డ్రైవర్లు వంతులవారీగా నడపాలి. నా ఉద్యోగం, పెట్రోలు పోసేటప్పుడు మంటలార్పే సిలిండర్ పట్టుకుని పక్కన నిలబడటం. నడిపే వాడు దిగిపోవాలి, ఇంజిన్ ఆపాలి, సిలిండర్ పట్టుకున్నవాడు కూడా మంట అంటని సూటూ, హెల్మెట్టూ వేసుకోవాలి. టెక్సాస్ ఎండలో ఆ సూటులో రెండు రోజులు. బెజవాడ మే నెల అలవాటున్నవాణ్ణి కాబట్టి తట్టుకున్నాను.

శనివారం సాయంత్రం మూడింటికి బావ బండిని వెనకనుంచి ఒకడు తోస్తే వెళ్లి గోడకి తగిలింది. ముందు భాగం అప్పడం. రేడియేటర్ పోయింది. ఇంక సర్దుకుని ఇంటికి పోదామని నేను అనుకుంటుంటే పక్క గుడారాల వాళ్లు నలుగురు రెంచీలు పట్టుకుని వచ్చేశారు. ఒకరు వెల్డింగ్ మిషన్ తెచ్చారు. ఇంకొకరి దగ్గర వేరే కారు రేడియేటర్ ఉంటే దాన్ని వైర్లతో, ప్లాస్టిక్ టైలతో కట్టారు. ముందు భాగానికి గొలుసు వేసి, రెండో కొస పికప్ ట్రక్కుకి కట్టి బావ ఒక్క గుంజు గుంజాడు. కడుపులో తిప్పే చప్పుడొకటి వచ్చింది, చక్రం మీదకి నొక్కుకుపోయిన గార్డు బయటికొచ్చింది. ఆదివారం పొద్దున పదకొండింటికి బండి మళ్లీ ట్రాక్ మీద ఉంది. అక్కడ ఇలాంటి మరమ్మత్తులకి 'హీరోయిక్ ఫిక్స్' అని ఒక బహుమతే ఉంది. మాకు రాలేదు. రాత్రికి రాత్రి ఇంజిన్ మార్చినవాళ్లకిచ్చారు. కానీ ఆ చప్పట్లు నా తలకెక్కాయి. గుద్దినా ఫరవాలేదు, లాగితే వస్తుందని మనసులో పడిపోయింది. ఆ నమ్మకమే ఆరేళ్ల తర్వాత నన్ను ఈ షెడ్డు దాకా తెచ్చింది.

ఇంటికొచ్చాక ముగ్గురు స్నేహితుల్ని కూడగట్టి గుడివాడలో 2003 మోడల్ మారుతి ఎస్టీమ్ ఒకటి 65,000కి కొన్నాం. ఎస్టీమ్ ఎందుకంటే తేలిక బండి, 1300 సీసీ ఇంజిన్ గట్టి పిండం, మన దేశంలో రేసుల్లో ఈ బండి బాగా తిరిగింది. తయారీ 2007లో ఆపేసినా సామాను ఇంకా దొరుకుతుంది. కోయంబత్తూరులో బోను కట్టించాం. చెన్నై దాటాక ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌లో ట్రాక్ డే పెట్టినప్పుడల్లా వెళ్తాం. అది పోటీ కాదు. డబ్బు కట్టి ఎవరి బండి వాళ్లు తిప్పుకోవడమే. మాకు మేం పెట్టుకున్న పందెం మాత్రం ఒకటుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, నలుగురం చేతులు మారుతూ, బండి లారీ ఎక్కకుండా తిరగాలి. వేగం ఎవడికి కావాలి, ఓర్పు కావాలి.

2024 ఆగస్టులో నా వంతు నలభయ్యో నిమిషంలో ఆ పందెం ఓడిపోయాం. మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కితే పెడల్ నేలదాకా వెళ్లిపోయింది. తప్పు నాదే. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీలుస్తుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ పట్టాక 140కే ఆవిరైపోవచ్చు. ఆవిరి వస్తే పెడల్ కింద స్పాంజి తొక్కినట్టే. మేం రెండేళ్లుగా మార్చలేదు. 400 రూపాయల డబ్బా పిసినారితనం. గేర్లు తగ్గించాను, మన్నులో దిగాను, అయినా కుడి ముందు మూల టైర్ల గోడకి తగిలింది.

మెడకి హాన్స్ పరికరం ఉంది. భుజాల మీద కూర్చుని హెల్మెట్‌ని పట్టీలతో పట్టి ఉంచే కాలర్ అది. అమెరికాలో రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసర్, జిమ్ డౌనింగ్ అనే రేసర్ కలిసి చేశారు. 2001లో డేటోనా రేసులో డేల్ ఎర్న్‌హార్ట్ అనే పేరున్న రేసర్ చనిపోయాక గాని అక్కడి నాస్కార్ కార్ల రేసుల్లో ఇలాంటివి తప్పనిసరి చెయ్యలేదు. నాకు రెండు రోజులు మెడ పట్టేసింది, అంతే. మా ఆవిడకి మాత్రం పడుకున్న దిండు తేడా అని చెప్పాను. ఈ రివ్యూ ఆవిడ చదవదనే ధైర్యంతో రాస్తున్నా.

రేసుల్లో, వేగం పరీక్షల్లో దెబ్బ తగిలితే మామూలు మోటారు పాలసీ వర్తించదు. పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది, మనం చదవం. కాబట్టి చెన్నై నుంచి ట్రక్కు మీద తెచ్చిన 18,000తో మొదలుపెట్టి ప్రతి రూపాయీ సొంత జేబులోంచే.

మొదట ఈ షెడ్డుకి రాలేదు. తెలిసినాయన చెప్పాడని ఇంకో చోట ఇచ్చాను. ఏసీ ఆఫీసు, కుర్చీలు, వాట్సాప్‌లో ఫోటోలు, అన్నీ ఉన్నాయి. పన్నెండు రోజుల్లో బండి తళతళా మెరుస్తూ వచ్చింది. పైన పటారం, లోన లొటారం. అరవై వేగంలో స్టీరింగ్ వదిలితే కుడి పక్కకి గుంజుతోంది. నలభై కిలోమీటర్లకే కుడి ముందు టైరు లోపలి అంచు నున్నగా అరిగింది. వీల్ అలైన్‌మెంట్ కుర్రాడు మూడుసార్లు ప్రయత్నించి, "అన్నా, ఇది నట్టు తిప్పితే వచ్చే తేడా కాదు. గుండుదారం మేస్త్రీకి చూపించు" అన్నాడు.

అలా ఆగస్టు ఆఖరి వారంలో వేపచెట్టు కిందకి చేరాను.

మేస్త్రీ గారికి అరవై దాటి ఉంటాయి. గళ్ల లుంగీ, చెవి వెనక సుద్దముక్క. బండి చుట్టూ ఒకసారి తిరిగి తలుపులు తీసి వేశారు. కుడి తలుపు కింద సందు చిటికెన వేలంత, పైన సందు గోరంత. "రంగు బాగా వేశారు" అన్నారు. అది మెచ్చుకోవడమో కాదో అప్పుడు అర్థం కాలేదు.

తర్వాత ఆయన చేసిన పని కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను. బండిని నాలుగు స్టాండ్ల మీద లెవెల్‌గా నిలబెట్టారు. తాపీ మేస్త్రీలు గోడకి పట్టుకునే గుండుదారం ఒకటి తీసి, కింద భాగంలో ఒక్కో బోల్టు రంధ్రం నుంచి గుండు జారవిడిచి, గుండు మొన నేలని తాకేచోట సుద్దతో చుక్క పెట్టారు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ బిగించే చోట్లు, అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ బోల్టులు, వెనక భాగం, అన్నీ కలిపి పద్నాలుగు చుక్కలు. ఆ తర్వాత బండి పక్కకి తోయించారు. నేల మీద చుక్కలు మాత్రమే మిగిలాయి. ముగ్గు వెయ్యడానికి చుక్కలు పెట్టినట్టే ఉంది. ఐమూలగా టేపు పట్టారు. ఎడమ ముందు నుంచి కుడి వెనక, కుడి ముందు నుంచి ఎడమ వెనక. బండి తిన్నగా ఉంటే రెండు కొలతలూ సమానంగా రావాలి. రాలేదు.

ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎస్టీమ్‌కి 2365 మిల్లీమీటర్లు. ఎడమ పక్క అంతే ఉంది. కుడి పక్క 2346. అంటే ముందాయన పన్నెండు రోజులు 'బాగుచేశాక' కూడా కుడి చక్రం 19 మిల్లీమీటర్లు వెనక్కే ఉంది. ఆ తేడా మీద లప్పం పూసి, రంగు కొట్టి ఇచ్చారు.

"కొలిచారా వాళ్లు?" అని అడిగారు మేస్త్రీ గారు.

"ఫోటోలు తీశారండీ" అన్నాను.

టీ తాగుతూ ఆయనకి నా ఫోన్లో టెక్సాస్ వీడియో చూపించాను. గొలుసు, పికప్, ఒక్క గుంజు, జనం కేకలు. మెచ్చుకుంటారని ఆశ. రెండుసార్లు చూశారు. "లాగడం ఎవడైనా లాగుతాడు బాబూ. వదిలాక ఎంత వెనక్కి పోయిందో చూశారా?" అన్నారు.

చూడలేదు. మాలో ఎవ్వరం చూడలేదు. అక్కడ చూడక్కర్లేదు కూడా, ఆ బండి ఆదివారం సాయంత్రం దాకా ఉంటే చాలు.

ఇక్కడి పద్ధతి వేరు. రైలుపట్టాకి గొలుసు కట్టి, చైన్ పుల్లీతో ఒక్కో పన్ను చొప్పున మెల్లగా లాగుతారు. గొలుసు బిగిశాక ఆపి, వంగిన చోటు చుట్టూ చిన్న సుత్తితో తడతారు. ఇనుము తనలో దాచుకున్న బిగువు వదులుకోవడానికట. అరగంట అలాగే ఉంచుతారు. గొలుసు వదులు చేస్తారు. మళ్లీ గుండు, మళ్లీ చుక్క, మళ్లీ టేపు. మొదటిసారి పది మిల్లీమీటర్లు లాగితే ఆరు వెనక్కి పోయింది. నాలుగు మిగిలింది. మళ్లీ లాగాలి, కావలసిన దానికంటే కొంచెం ఎక్కువ లాగాలి, అది వెనక్కి పోయి సరైన చోట ఆగేలా. ఎంత ఎక్కువ అనేది ఆయన చేతికి తెలుసు, నాకు చెప్పలేకపోయారు. ఈ పని రెండు రోజులన్నర పట్టింది. గ్యాస్ మంట ఒక్కసారి కూడా పెట్టలేదు. ముందాయన లోయర్ ఆర్మ్‌ని గ్యాస్‌తో ఎర్రగా కాల్చి తిన్నగా చేశాడని నీలం మచ్చ చూసి కనిపెట్టారు. ఆ ఆర్మ్ తీసి, సుద్దతో ఇంటూ గుర్తు వేసి పాత ఇనుము గుట్టలో పడేశారు. "కాల్చిన ఆర్మ్ మీద మీరు నూటయాభై వేగంలో పోతారా?" నూటయాభై పోను, మా బండి అంత పోదు అందామనుకుని ఊరుకున్నాను.

కొత్త ఆర్మ్ కోసం నేను ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో వెతుకుతున్నాను. పదహారేళ్ల కుర్రాడు సైకిలెక్కి వెళ్లి ఇరవై నిమిషాల్లో రెండు ఆర్ములు, టై రాడ్ కొన, బాల్ జాయింట్లు పట్టుకొచ్చాడు. ఆ సంచి చూసినప్పుడు నాకు యాంగిల్‌టన్ గుర్తొచ్చింది. అక్కడ మైకులో 'ఎవరి దగ్గరైనా ఫలానా గాస్కెట్ ఉందా' అని అరిస్తే ఎక్కడో ఒక గుడారంలోంచి దొరుకుతుంది. అది ఏడాదికి రెండు రోజుల సంబరం. ఆటోనగర్‌లో అది రోజూ ఉండేదే, ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఇంక ఆయన చెయ్యనన్న పనులు. నాకు మొదట కోపం వచ్చింది, ఒప్పుకుంటాను.

మొదటిది బోను. కుడి ముందు కాలు నేలకి అతికే ప్లేటు దగ్గర, వెల్డింగ్ పక్కన వెంట్రుకంత చీలిక ఉంది. నా కంటికి గీత కూడా కాదు. దాని మీద ఒక వరస వెల్డింగ్ లాగెయ్యమన్నాను. సామాను ఆయన దగ్గరే ఉంది, పది నిమిషాల పని. "నాది రేకు పని బాబూ. ఈ పైపు ఎవరు వంచారో వాళ్లే కోసి వేరేది వెయ్యాలి" అన్నారు. బతిమాలాను, డబ్బు ఎక్కువిస్తానన్నాను. "రేకు తప్పు చేస్తే టైరు అరుగుద్ది. ఇది తప్పు చేస్తే?" అని ఆపేశారు. చివరికి కోయంబత్తూరు మనిషిని పిలిపించి, 38 మిల్లీమీటర్ల పైపు, రెండున్నర మిల్లీమీటర్ల మందం, పాత కొలతే, ఆ కాలు మొత్తం కోసి కొత్తది వేయించాం. రానుపోను ఖర్చులతో 14,000.

రెండోది బెల్టులు. బండిలో కూర్చుని భుజం బెల్టు అంగుళం అంగుళం వేళ్ల మధ్య తిప్పుతూ, ఒకచోట ఆగి కుట్టు చూపించారు. దారాలు సాగి నున్నగా మెరుస్తున్నాయి. నిజానికి నాకు తెలుసు. గట్టి దెబ్బ ఒకసారి పట్టుకున్న బెల్టు సాగిపోతుంది, మళ్లీ వాడకూడదు. పైగా ఎఫ్ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సంస్థ) ముద్ర ఉన్న బెల్టుల మీద గడువు సంవత్సరం ముద్రించే ఉంటుంది. మా బెల్టులకి ఇంకో ఏడాది ఉందని, కొత్తవి ఇరవై వేలకి పైనే అవుతాయని, చూసీ చూడనట్టున్నాను. జీవితంలో ఒక్క రేసు కూడా చూడని మనిషి, లుంగీ మడిచి నా సీటులో కూర్చుని, నా దొంగతనం పట్టుకున్నాడు.

ఇప్పుడు తిట్టాల్సినవి. టైము. పదిహేను రోజులన్నారు. సెప్టెంబర్ ఒకటిన బుడమేరు పొంగింది. అది ఆయన తప్పు కాదు. సింగ్ నగర్ వైపు నుంచి మునిగిన కార్లు ట్రక్కుల మీద వరస కట్టాయి, మా ఎస్టీమ్‌ని వేపచెట్టు వెనక్కి తోసేశారు. ఆ వారం రోజులూ నేను అక్కడికి వెళ్లి చూసేవాణ్ణి. ప్రతి ఒక్కరికీ ఆయన మొదటి మాట ఒకటే, "తాళం తిప్పారా?" తిప్పని వాళ్ల బండికి ప్లగ్గులు విప్పి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి, సిలిండర్లలోని నీళ్లు బయటికి చిమ్మించి ఆ తర్వాతే మిగతా పని. తిప్పినవాళ్ల బండి పక్కన పెట్టేసేవారు. నీరు నొక్కితే కుంచించుకోదు, సిలిండర్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒకాయన అయితే మూడుసార్లు తిప్పానని, ఇంకా గట్టిగా తిప్పమంటారా అని అడిగాడు.

వరద సంగతి సరే, అక్టోబర్ సగం దాటినా మా బండి కదల్లేదు. ఫోన్ ఎత్తరు. ఎత్తితే "రేపు" అంటారు. ఆ రేపుకి తారీఖు ఉండదు. మనిషి ఎదురుగా వెళ్లి నిలబడితేనే పని నడుస్తుంది, నేను కొట్టు మూసుకుని పదకొండుసార్లు వెళ్లాను. పని పూర్తయ్యేసరికి అక్టోబర్ 29.

రంగు ఇంకో సంగతి. కుడి ఫెండర్ రంగు తలుపు రంగుతో కలవదు. నీడలో కలుస్తుంది, ఎండలో విడిపోతుంది. పైగా చెట్టు కింద కొట్టారు, దుమ్ము అంటింది, ఒకచోట వేపాకు ఈనె అచ్చు కూడా ఉంది. రేసు కారు కాబట్టి నేను నవ్వి ఊరుకున్నా. పెళ్లికి తీసుకెళ్లే బండి అయితే రేకు పని ఇక్కడ చేయించి, రంగు ఇంకెక్కడైనా వేయించుకోండి. ఆయనే ఆ మాట చెబుతారు, అడిగితే. కూర్చోడానికి కుర్చీ కూడా లేదు, పాత జీపు సీటు ఒకటుంది, దాని మీద పిల్లి ఉంటుంది. పక్కా బిల్లు కావాలంటే ముందే చెప్పాలి, లేకపోతే క్యాలెండర్ వెనక రాసిస్తారు.

నా క్యాలెండర్ లెక్క ఇది: లాగుడు, టింకరింగ్ మజూరీ 22,000. రేడియేటర్ సపోర్ట్, కుడి ఏప్రాన్ (చక్రం పక్కన లోపలి రేకు) సెకండ్‌హ్యాండ్‌వి 6,500. ఆర్ములు, బాల్ జాయింట్లు, టై రాడ్ కొన, స్ట్రట్ కలిపి 9,800. రంగు 7,000. బోనుకీ బెల్టులకీ అయిన ఖర్చు ఇందులో లేదు. ముందాయనకి పోసిన 31,000 గురించి మాట్లాడను, కడుపు మండుతుంది.

రేసు కారు సంగతి మనకెందుకు అనుకునేవాళ్ల కోసం ఇంకోటి చెబుతాను. మొన్న డిసెంబర్‌లో మా తమ్ముడి వ్యాగన్ఆర్ కాజా టోల్‌గేట్ దాటాక ముందున్న వ్యాన్‌కి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎయిర్‌బ్యాగులు రెండూ పేలాయి. ఇంక నాకు ఇల్లు లాంటి చోటు కదా అని నేరుగా షెడ్డుకి తెచ్చాను. మేస్త్రీ గారు బానెట్ ఎత్తి, వేలితో రేకు మీటి, మూసేశారు. ఈ కొత్త బళ్ల ముందు భాగంలో గట్టి రకం ఉక్కు వాడతారు. దాన్ని మంట పెట్టి లాగితే గట్టిదనం పోతుంది, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటుంది. ఎయిర్‌బ్యాగుతో పాటు సీటు బెల్టుని బిగించే పరికరం కూడా ఒకసారే పనిచేస్తుంది, అది పేలాక కొత్తది వెయ్యాల్సిందే. సందు చివర ఒకతను సెకండ్‌హ్యాండ్ ఎయిర్‌బ్యాగు సగం ధరకి వేస్తానన్నాడు. డాష్‌బోర్డులో లైటు వెలక్కుండా చిన్న ముక్క పెడతాడట. మేస్త్రీ గారు విన్నారు. "లైటు వెలగదు, బ్యాగూ తెరుచుకోదు" అన్నారు. తర్వాత మా తమ్ముడితో, "మీ అన్నకి బోను ఉంది బాబూ. ఇంటి బండికి బోను ఉండదు. దీనికి ఇన్సూరెన్స్ ఉందిగా, కంపెనీకే తీసుకెళ్లండి" అని పంపేశారు. నలభై వేల పని వదులుకున్నారు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు.

ఐదుకి నాలుగు. ఒకటి తీసింది ఆ పదకొండు రోజుల కొట్టు బేరానికి. రంగుకి తియ్యలేదు.

బండి ఇచ్చిన రోజు ఆఖరిసారి గుండు జారవిడిచారు. ఎడమ 2365, కుడి 2363. ఐమూల కొలతల్లో కూడా రెండే తేడా. దాన్ని కూడా తీసెయ్యొచ్చేమోనని అడిగాను. ఇంకా లాగితే రేకు చిరుగుతుందన్నారు. చెవి వెనక సుద్ద తీసి, బానెట్ లోపల కుడి ఏప్రాన్ మీద '2' అని రాసి, అది చెరిగిపోకుండా పైన వార్నిష్ పూశారు. ట్రాక్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ బండి తెమ్మన్నారు, కొలతకి డబ్బులు తీసుకోరట.

జనవరిలో వెళ్లాం. కొత్త బ్రేక్ ఆయిల్, డాట్ 4, బయల్దేరే ముందు రోజే మార్చాం. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగున్నరకి జెండా ఊపేదాకా నలుగురం తిప్పాం. మధ్యాహ్నం సైలెన్సర్ ఊడితే అల్యూమినియం తీగతో కట్టాం. సోమవారం కొట్టు తెరవకముందే షెడ్డుకి వెళ్లాను. తీగ చూసి నవ్వారు గాని ముందు గుండే తీశారు. చుక్కలు పెట్టారు, టేపు పట్టారు, బానెట్ ఎత్తి తాను రాసిన అంకె వంక చూశారు.

ఇంకా రెండే ఉంది.